ఊరికే ఎగరేసేదానికి

మార్కాపురం కోర్టు వరండాలో అతను వకీలు చేతిలోని తీర్పు వంకే చూస్తున్నాడు.

“గెలిచినాం తమ్ముడూ. డ్రోన్ ఎగరేయొద్దన్న పంచాయతీ తీర్మానం చెల్లదంట. ఆకాశం వాళ్లది కాదంట.”

“అయితే రేపే పలకల గని మీద ఎగరేస్తా.”

“ఆగు. నేల మాత్రం వాళ్లదే. అక్కడినుంచి లేపాలంటే పంచాయతీకి ఈ ఫారం నింపాల.”

“ఇదేంది? ఎందుకు ఎగరేస్తావంటే పెండ్లి, సర్వే, పురుగుమందు... ఇంతేనా? నేను ఊరికే చూసుకుంటాను గదన్నా.”

“అట్ల రాస్తే తిప్పి పంపుతారు. పెండ్లి అని రాయి.”

“ఎవరిది?”

“ఎవరిదో ఒకరిది! రెండేళ్లు తిరిగినావు, ఒక్క మాటకాడ ఆగుతావా?”

డ్రోన్ కంటితో గని మీదినుంచి చూస్తున్నంతసేపూ తానెవరి కొడుకో, ఎవరి తమ్ముడో అతనికి గుర్తుండదు. ఆ సంగతి రాసేందుకు ఫారంలో గడి లేదు.

“ఊరికే ఎగరేసే హక్కుందని వాదించింది నువ్వే గదన్నా. ఇప్పుడు అబద్ధం రాయమంటే, మనం గెలిచిందేంది?”