సెలూన్‌లో సాగిన రాగం

ఆదివారం పొద్దున సెలూన్‌లో ఒకాయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ల మీద తడి టవల్ వేయించుకుని పడుకున్నాడు. మూల స్టూలు మీద వయొలిన్ వాయిస్తున్న అమ్మాయి దగ్గరికి షాపులో పనిచేసే అతను కత్తెరతోనే వచ్చి వంగాడు.

“గొంతు తగ్గించి మాట్లాడు చెల్లెమ్మా. కమాను మాత్రం ఆగనివ్వకు.”

“నేనింకా ఏం మాట్లాడలేదన్నా.”

“మాట్లాడతావు. ముందు కంగారుపడనని మాటివ్వు.”

“కంగారు మీదే. కత్తెర కూడా కింద పెట్టకుండా వచ్చేశారు. ఏమైంది, గాటు పడిందా?”

“గాటైతే పటిక రాసేవాణ్ణి. మీసం పోయింది.”

“ఎవరి మీసం?”

“నాది నా మొహానే ఉంది కదమ్మా. కుర్చీలో ఆయనది.”

“మొత్తమా?”

“కుడి పక్క మొత్తం. ఎడమ పక్క కాస్త ఉంది. అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే... ఆపకు, ఆపకు. ఇది ఆగిందంటే ఆయన టవల్ తీసేస్తాడు.”

“ఆపలేదు, కమాను తిప్పుకున్నా. గడ్డం గీయమంటే మీసం మీదకెందుకెళ్లారు?”

“గీయడానికి గడ్డం ఉంటే కదా. ఇంట్లో గీసుకునే వస్తాడు. బుగ్గ చూస్తే అద్దం. నెల్లాళ్ల నుంచి ప్రతి ఆదివారం ఇదే వరస. నువ్వు వాయిస్తున్నంత సేపూ లేవడు. ‘ఇంకో చెయ్యి వెయ్యవయ్యా’ అంటాడు. ఉత్త నురగ పూసి, ఉత్త నురగ తుడుస్తుంటాను.”

“వింటాడా?”

“వినకపోతే ఉత్త నురగ కోసం వస్తాడా? తొడ మీద వేళ్లతో కొట్టుకుంటాడు. ఉన్నట్టుండి నిట్టూరుస్తాడు. మొదట్లో కత్తి తగిలిందేమోనని హడలిపోయేవాణ్ణి.”

“ఇవాళ కూడా నురగతో సరిపెట్టాల్సింది.”

“అదే అనుకున్నా. చర్మం మండుతోంది, మీసం సవరించు అన్నాడు. సరేనని కుడి పక్క కాస్త తీశా. నువ్వు ఆపుతావేమోనని చూశా. ఆపలేదు. ఎడమ పక్క సమం చేశా. చేస్తే కుడి పక్క ఎక్కువనిపించింది. అది తీశా. ఇంకా ఆపలేదు. పైకి పోతూనే ఉన్నావు. ఇవాళ ఆ రాగం ఎందుకమ్మా అంత సాగదీశావు?”

“కుదిరింది, సాగింది. రోజూ కుదురుతుందా?”

“నీ రాగం సాగింది, ఆయన మీసం తరిగింది.”

“అంటే తప్పు నాదా?”

“సగం. కుడి పక్కది నీది. ఎడమ పక్కది నేను చూసుకుంటా.”

“నవ్వించకండి, కమాను జారుతుంది.”

“నాకు నవ్వు రావట్లేదు. షాపు మా మావది. ఈ వయొలిన్ గోల వద్దని మొదట్నుంచీ అంటున్నాడు. ఒక్క కస్టమరు నోరు చేసుకున్నా నీ స్టూలు రోడ్డు మీద పెడతానన్నాడు. పెడతాడు కూడా.”

“ఇంతకుముందు లాండ్రీలో వాయించినప్పుడూ ఇంతే. ఇస్త్రీ చేసేవాళ్లు వింటూ చొక్కాలు మాడ్చారని పంపించేశారు. పుస్తకాల షాపులో జనం కొనడం మానేసి వింటున్నారని పంపించేశారు. ఈ మూల కూడా పోతే ఇంక నాకు బాత్రూమే.”

“బాత్రూంలో బాగా మోగుతుందంటారు.”

“అన్నా.”

“సరే, సరే. ఏదో ఒకటి ఆలోచించు.”

“బతిమాలితే వింటాడా? ఎలాంటి మనిషి?”

“పెద్దమనిషే. ఇస్త్రీ మడత నలగని చొక్కా, బంగారు ఫ్రేము కళ్లజోడు. మీసమైతే, కొనలు ఇలా మెలితిప్పి...”

“ఆగండి. మెలితిప్పిన మీసమా?”

“ఇప్పుడు కాదు.”

“ఆ కళ్లజోడు నాకు తెలుసు. అన్నా, ఈయన సంగీతసభ సెక్రటరీ.”

“ఏ సభ? నీకు కచేరీ ఇవ్వనన్న సభా?”

“అదే. ఎన్నిసార్లు వెళ్లి అడిగానో. ‘కత్తెర చప్పుళ్ల మధ్య వాయించేది సంగీతమెలా అవుతుందమ్మా’ అన్నారు. మీసం దువ్వుకుంటూ మరీ.”

“ఇంక దువ్వుకోలేడులే. అదా సంగతి. నువ్వొచ్చేలోపే టవల్ వేయించుకుంటాడు. నువ్వు వెళ్లాకే లేస్తాడు. పాపం, కళ్లు సున్నితమేమో అనుకున్నా.”

“నాకు కనపడకూడదని.”

“అయితే మన పంట పండింది. బేరం పెట్టు. మీసం సంగతి ఆయన ఎత్తకూడదు, ఆయనిక్కడికి వస్తున్న సంగతి నువ్వు ఎత్తవు. పనిలో పనిగా సభ హాల్లో ఒక కచేరీ కూడా అడుగు.”

“అడగను.”

“ఏం, రోషమా?”

“రోషం కాదు. ఆ హాల్లో పల్లవి మధ్యలో కాఫీకి లేచిపోతారు. ఇక్కడ లేద్దామన్నా మెడకి గుడ్డ కట్టేసి ఉంటుంది. నాకీ మూల చాలన్నా. ఇది పోకుండా ఉంటే చాలు.”

“మరెలా? ఎంతసేపని వాయిస్తావు?”

“మీసం మొలిచేదాకా.”

“వేళ్లు ఊడతాయి.”

“పోనీ, నేనే చెప్తా. నా రాగం మూలంగా జరిగింది, అన్నను ఏమీ అనకండి అంటాను.”

“వద్దు. కత్తెర నా చేతిలో ఉంది. నేను చెప్తా. నువ్వు ఆ వయొలిన్ పక్కన పెట్టి, నా వెనక నిలబడు. సార్... సార్, ఒక్క నిమిషం. చెయ్యి మొహం మీద పెట్టకండి. చిన్న విషయం.”

“టవల్ నా కళ్ల మీద వేశావు గానీ చెవుల మీద వెయ్యలేదయ్యా.”

“అంటే సార్...”

“మీ ఇద్దరి గుసగుస వీధి చివరిదాకా పోతోంది.”

“సార్, మీసం...”

“తెలుసు. కుడి పక్క పోయినప్పుడే పెదవికి గాలి తగిలింది.”

“అప్పుడే ఆపమనొచ్చు కదా సార్?”

“రాగం మధ్యలో నోరెత్తమంటావా?”

“సార్, తప్పు నాది. కాస్త ఎక్కువసేపు...”

“నువ్వెళ్లి స్టూలు మీద కూర్చోమ్మా. ఇదిగో, ఎడమ పక్క మిగిలింది కూడా తీసేసి తల మొదలెట్టవయ్యా. జుట్టు ఒత్తుగానే ఉంది, వచ్చే ఆదివారానికి కూడా కాస్త ఉంచు.”