పలక కడిగిన నీళ్ళు

అట్టముక్కల సంగతి తర్వాత అడుగుదురు గాని టీచరమ్మా, ముందు టీ తాగండి. అలా తిప్పి తిప్పి చూస్తే మాత్రం ఏముంది? అవి మీరు రంగులతో అక్షరాలు వేసిచ్చినవే. ఇప్పుడు తెల్లగా ఉన్నాయి, అంతే.

కడిగేశాను.

అట్టలు ఎవరైనా కడుగుతారా అంటారా? మా ఇంట్లో కడుగుతారు తల్లీ. మా తాతగారు ఈ ఊళ్ళో, ఫెస్‌లోనే ఖురాన్ బడి నడిపారు. చదువు తలకెక్కని పిల్లలకి ఆయన మందు ఒక్కటే. చెక్కపలక మీద వాక్యం రాసి, ఆ సిరా కడిగిన నీళ్ళు తాగించేవారు. మా నాన్నని మొద్దు అని వీధంతా అనేదట. ఆ నీళ్ళు తాగాకే గ్రంథమంతా కంఠతా వచ్చింది. అల్లా దయ.

మీ పద్ధతి నేనేం పెడచెవిని పెట్టలేదు. సెలవుల్లో రోజూ మా మనవరాలు బతూల్‌ని కూర్చోబెట్టాను. అక్షరం మీద వేలు పెట్టి దిద్దమన్నాను, పైకి అనమన్నాను. 'బా' చూపిస్తే 'నూన్' అంటుంది. 'నూన్' చూపిస్తే కిటికీలోంచి పిల్లిని చూస్తుంది. అవతల మా అబ్బాయి ఇద్రీసేమో సెలవులయ్యేలోపు కూతురికి చదవడం రాకపోతే మేనత్త దగ్గర చెప్పులకి జరీ కుట్టే పనిలో పెడతానని కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళ పిల్ల. నా మనసు ఊరుకుంటుందా, చెప్పండి?

అందుకని మీ అట్టల్ని నారింజపూల నీళ్ళలో నానబెట్టాను. తేనె కూడా వేశాను. మీ రంగులు తాతగారి సిరాలాంటివి కావని నాకేం తెలుసు?

పిల్ల గిన్నెలోకి తొంగి చూసి, "నువ్వు తాగు నానమ్మా, బాగుంటే నేను తాగుతా," అంది. ఎవరి పోలికో.

తాగాను. నాలుక చిలకపచ్చ అయిపోయింది. శుక్రవారం కుస్‌కుస్‌ విందుకి ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా వస్తే నేను నోరు విప్పితేనా? ముద్ద కూడా ముట్టలేదు. నేనేదో మౌనం పట్టి ఉపవాసం ఉన్నాననుకుని, ఒకావిడ నా చెయ్యి ముద్దుపెట్టుకుని తన కూతురి పెళ్ళి కోసం ప్రార్థించమంది. తల ఊపాను. ఏం చెయ్యను మరి.

పిల్లకి మాత్రం భయం పట్టుకుంది, అట్టలు పాడుచేసినందుకు మీరొస్తే నన్నేమంటారోనని. అటక మీంచి తాతగారి పలక దింపించి, దానికి సుద్దమట్టి పూసింది. నేను రెల్లుకలం వెనకవైపుతో సిరా లేకుండా అక్షరం గీస్తాను, తను సిరాతో దిద్దుతుంది, పైకి అంటుంది. ఆయన నాకలాగే నేర్పారు. మధ్యలో ఒక చుక్క పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తప్పు నానమ్మా. పడవ కింద చుక్కుంటే 'బా'. పడవలో కూర్చుంటే 'నూన్'. టీచరు చెప్పారుగా."

అప్పుడే ఇద్రీసు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కూతురు పలకంతా చదువుతుంటే విన్నాడు. పక్కనే ఉన్న గిన్నె చూశాడు, వాసన చూశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడమ్మా. "ముత్తాత నీళ్ళు పనిచేశాయి. ఇక ఇది చదవాల్సిందే," అన్నాడు.

ఇంకేముంది, ఇవాళ పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గురు తల్లులు, చేతుల్లో సీసాలు.

మీ మొహం చూస్తే తెలుస్తోందిలెండి, అది మీ చదువేనని. నాకు తెలీదా? ఆ పిల్ల చుక్క తాగితే ఒట్టు. గిన్నెడూ నేనే తాగాను. కానీ మా వాడు మీ అట్టముక్కల్ని నమ్మడు, తాతగారి నీళ్ళని నమ్ముతాడు. నిజం చెబితే రేపే దాని చేతికి సూది ఇస్తాడు.

అదిగో, మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు. నీళ్ళ మహిమేనా అని మిమ్మల్ని అడుగుతాడు. మీరు అబద్ధం ఆడొద్దు, మీకెందుకా పాపం. టీ నోట్లో పోసుకుని తల ఊపండి, చాలు.

తాగింది నేనేనని మీకు సాక్ష్యం కావాలంటే నా నాలుక ఉందిగా. ఇంకా పచ్చగానే ఉంది.