కింద పెట్టిన కొడవలి

దొడ్లో మేకలు ఆకలికి అరుస్తున్నాయి. వసారాలో కొడుకు వెతుకులాట వినబడుతున్నా, తల్లి పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

"అమ్మా, మేకలకు మండలు కొట్టే కొడవలి ఏది?"

"ఆడ్నే ఉంటాది, చూడు."

"చూర్లో లేదు. మూడు దినాల నుంచి లేదు. రోజూ పక్కింటోళ్లది అడుక్కుంటాండా."

తల్లి పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

"పక్క మండలంలో గేమ్ ఆడేటోడెవడో వాళ్లమ్మను నరికినాడని నువ్వు విన్న దినం నుంచే గదా అది కనపడంది?"

"వాడు గూడా మంచోడేనంట నాయనా. వాళ్లమ్మ అట్లనే అనుకునిందంట."

"వాడి మొగం గూడా నేను చూళ్లేదు. నేనూ ఫోన్లో ఆ గేమే ఆడతా, అంతేగదా?"

"ఆ ఆట ఆడేటోళ్లందరికీ మతి అట్లనే తిరుగుతాదని ఊరంతా అంటాండారు."

"మన మేక ఒకటి కందిచేలో పడిందని మందనంతా బందెలదొడ్డికి తోలితే, ఈ ఊరితోనే కొట్లాడినావు. ఒకటి మేస్తే మిగతావాటి పాపమేందని అడిగినావు. మర్చిపోయినావా?"

"మేకలంటే నాకు భయం లేదు గదరా!"

అన్నాక నాలుక కరుచుకుంది. లోపలికి పోయి, బియ్యం డబ్బాలో దాచిన కొడవలి తీసుకొచ్చింది. కొడవలి చేతి నుంచి చేతికి ఇస్తే తగాదాలొస్తాయని ఆ ఇంట్లో ఎప్పుడూ కింద పెట్టే ఇస్తారు. ఆమె అలాగే కొడుకు ముందు నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

కొడుకు దాన్ని తీసుకోవడానికి వంగలేదు.

"కింద పెట్టేది మన ఆచారమేలేమ్మా. ఎనక్కి జరిగేది ఎప్పటి నుంచి?"