కాబట్టి మాస్టారు

ఆగాగు. గుమ్మం దగ్గర నువ్వేం చూశావో అది చెప్పు ముందు. మామయ్య వెళ్లిపోయాడంటావేం? చెప్పులు లేకపోవడం చూశావు, అంతే. వెళ్లిపోవడం నువ్వు అల్లుకున్నావు. నవ్వకు. కాలేజీలో లాజిక్కు తీసుకున్నా, ఏముంటుందందులో అన్నావుగా, మొదటిరోజు ఇదే ఉంటుంది. కొన్నాళ్లు ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. తర్వాత గుర్తులొస్తాయి, నిజం అబద్ధం అంటూ పట్టికలొస్తాయి, లెక్కలకి దడిసి ఇటొచ్చినవాళ్లు ఒక్కొక్కళ్లే వెనక బెంచీకి జరుగుతారు. బట్టీ కొట్టావా, మునిగావే. రోజూ చేత్తో చేస్తేనే వంటబట్టేది.

మాకు లాజిక్కు చెప్పినాయన్ని 'కాబట్టి మాస్టారు' అనేవాళ్లం. పోయి చాలాకాలమైందిలే. ఎవడి నోట 'కాబట్టి' అని వచ్చినా సుద్దముక్క పట్టుకుని మీదికొచ్చేవాడు. 'ఎక్కణ్ణుంచి తెచ్చావయ్యా దాన్ని? దారి చూపించు!' బస్సు రాలేదు కాబట్టి ఆలస్యమైందన్నా వదిలేవాడు కాదు, మహా చాదస్తం. ఆఁ, ఏం చెప్తున్నా? ఆ ఏడే కాలేజీ ల్యాబు తగలబడింది. అక్కడ అటెండరు మా అన్నే. నాన్న లేడు, ఇంట్లో పొయ్యి వెలిగేది అన్న జీతంతోనే. పొగ లేస్తుంటే అన్న పరుగెత్తడం నలుగురు చూశారు. ముందురోజే ప్రిన్సిపాలు చేత అందరి ముందూ తిట్లు తిన్నాడు. ఇంకేం కావాలి! స్టాఫు రూములో విచారణ పెట్టారు. నేనూ అమ్మా గుమ్మం బయట. లోపల ప్రిన్సిపాలు గొంతు, 'నిప్పు పెట్టినవాడు పరుగెత్తుతాడు. వీడు పరుగెత్తాడు. కాబట్టి వీడే. పోలీసుల్ని పిలవండి.' మా మాస్టారు లేచాడు. 'జ్వరమొస్తే ఒళ్లు కాలుతుందండీ. ఒళ్లు కాలితే జ్వరమేనా? ఎండలో నిలబెట్టినా కాలుతుంది. నీళ్లకోసం వెళ్లేవాడూ పరుగెత్తుతాడు.' పరీక్షలో మేమంతా తప్పింది సరిగ్గా ఆ ప్రశ్నే! ప్రిన్సిపాలు బల్ల గుద్దాడు. 'అయితే వీడు చెయ్యలేదంటారు, అంతేగా?' అమ్మ గోళ్లు నా చేతిలో దిగాయి. అను మహానుభావా, ఒక్క మాట, అను! ఆయనేమన్నాడో తెలుసా? 'అదీ నాకు తెలీదండీ' అన్నాడు.

పోలీసులు రాలేదు. ఉద్యోగం నిలిచింది. దాంతోపాటే అనుమానమూ నిలిచింది. అన్న నడిచొస్తుంటే వెనక నుంచి 'అగ్గిపెట్టె వస్తోందిరోయ్' అనేవాళ్లు, రిటైరయ్యేదాకా. ఆరోజు విచారణ అవగానే నేను వరండాలోనే మాస్టారి మీదికి వెళ్లాను. మా అన్న అలాంటివాడు కాదని మీకు తెలీదా అని అరిచాను. ఆయన నన్ను పక్కకి లాగాడు. 'ఆ మాట అంటే, మీరు చూశారా అని అడుగుతారురా. చూడలేదు. దాంతో నా మొదటి మాటా పోతుంది, మీ అన్నా పోతాడు.' ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. 'ఆయన సొమ్మేం పోయింది' అంది. చచ్చేదాకా ఆయన ఎదురొస్తే వీధి దాటి అటు నడిచేది. నాకు బుర్రేమో మాస్టారిదే రైటంటుంది, కడుపేమో అమ్మదంటుంది. ఇన్నేళ్లొచ్చినా తేలలా.

ఊఁ, తల గోక్కోకు. మాస్టారి చోట నువ్వున్నావనుకో. గుమ్మం బయట అమ్మ నిలబడి వింటోంది, లోపల నిన్నడిగారు. నువ్వేమంటావు?