ఉష్ణోగ్రత పట్టిక అంచున ముప్పై నాలుగేళ్లు

పందొమ్మిది వందల తొంభై ఒకటి జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం మన ఆసుపత్రి ఛాతీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరిన మన హెడ్ సిస్టరు గారు, ముప్పై నాలుగు సంవత్సరాల అవిశ్రాంత సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మందుల గదిలో ఫార్మసిస్టుగా వారికి ఇరవై ఆరేళ్లు సహోద్యోగిగా ఉన్న నాకు ఈ నాలుగు మాటలు రాసే అవకాశం దక్కడం భాగ్యం.

చేరిన నెలలోనే ఆమెకు ఒక మెమో వచ్చింది. జ్వరం, నాడి మాత్రమే రాయవలసిన పట్టిక అంచున ఆమె పెన్సిలుతో ‘కిటికీ తెరవమన్నారు’, ‘మనవడి మీద అలిగి పాలు తాగలేదు’ వంటి మాటలు రాస్తున్నారని అభియోగం. ఆమె సవినయంగా సమాధానం ఇచ్చారు. రాయడం మాత్రం మానలేదు. కుర్ర డాక్టర్లు దానికి ‘సీరియల్’ అని పేరు పెట్టి, “సిస్టర్, ఇవాళ్టి కథ ఏంటి?” అని ఆటపట్టించేవారు. “చదవండి బాబూ, టిక్కెట్టు లేదు” అనేవారు ఆమె.

తొంభై తొమ్మిదిలో సీనియర్ నర్సుగా, రెండు వేల ఆరులో హెడ్ నర్సుగా పదోన్నతి పొందారు. హోదా పెరిగినా చెవి వెనక పెన్సిలు అక్కడే ఉంది. ఆ పెన్సిలుకు నేను వ్యక్తిగతంగా రుణపడిన సందర్భం ఒకటి ఉంది.

పదిహేడేళ్ల క్రితం నా భార్య న్యుమోనియాతో అదే వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉంది. ఇంజెక్షన్లతో నాలుగో రోజుకు జ్వరం దిగింది. ఎనిమిదో రోజున మళ్లీ ఎక్కి కూర్చుంది. చికిత్స జరుగుతున్నా జ్వరం వదలకపోతే కారణాలు ఎన్నో ఉండవచ్చు. మందుకు లొంగని క్రిమి కావచ్చు, ఊపిరితిత్తి చుట్టూ చేరిన చీము కావచ్చు, క్షయ కావచ్చు, సూది గుచ్చిన చోట పుట్టిన కొత్త ఇన్ఫెక్షనూ కావచ్చు. పెద్ద డాక్టరు గారు ఒక్కొక్కటే వెతికించారు. ఎక్స్‌రే మెరుగైంది, చీము లేదు. కఫంలో క్షయ కనిపించలేదు. చేతి మీద వాపు లేదు. ఇక మిగిలింది మొండి క్రిమేనని, ఉన్న మందుకు తోడు మరో బలమైన మందు రాశారు. ఆ చీటీ పట్టుకుని మందు తేవడానికి బయలుదేరాను.

వార్డు గుమ్మంలో ఆమె నన్ను ఆపారు. “ఒక్క నిమిషం ఉండండి అన్నయ్యా. సార్ ఇంకా ఇక్కడే ఉన్నారు.”

పట్టిక తీసుకెళ్లి డాక్టరు గారి ముందు పెట్టారు.

“మళ్లీ సీరియలేనా అమ్మా?”

“అవును సార్. ఇవాళ అంకెలొద్దు, అంచు చదవండి.”

ఆయన పైకే చదివారు. ఎనిమిదో రోజు, జ్వరం నూట రెండు: ‘భోజనం చాలలేదని మళ్లీ అడిగారు.’ తొమ్మిదో రోజు, నూట రెండున్నర: ‘దగ్గు లేదు. జడ వేసుకున్నారు.’ పదో రోజు, నూట మూడు: ‘గడ్డం గీసుకోలేదని భర్తకు చీవాట్లు.’

మంచం మీంచి నా భార్య అందుకుంది. “డాక్టరు గారూ, జ్వరం నాకుందా, ఆ కాగితానికుందా?”

డాక్టరు గారు నవ్వబోయి ఆగిపోయారు. అంత జ్వరానికి పరుగెత్తవలసిన నాడి పట్టికలో నిదానంగా ఉంది. “మనిషి కోలుకుంది. ఈ ఇంజెక్షన్ మందే జ్వరం తెస్తోందేమో” అన్నారు మెల్లగా. “ఆపి చూస్తేగాని తెలియదు.”

“ఆపితే జబ్బు తిరగబెట్టదు కదండీ?” అన్నాను.

“తిరగబెట్టొచ్చు. కనిపెట్టుకుని ఉండాలి.”

“నేనుంటాను సార్” అన్నారు సిస్టరు గారు. మర్నాడు ఆమెకు వారపు సెలవు; ఆ మాటే ఎత్తలేదు. మందు ఆపిన మూడో రోజు ఉదయానికి జ్వరం గడిలో తొంభై ఎనిమిదిన్నర. అంచున, ‘భర్తను డ్యూటీకి పొమ్మన్నారు.’

“మందుల గదిలో ఒక అర ఖాళీగా ఉంచండి అన్నయ్యా, ఇవ్వకూడని మందుకి” అన్నారు నాతో.

ప్రతి జ్వరానికీ ఇదే కారణం కాదని కొత్త సిస్టర్లను హెచ్చరించేదీ ఆమే. మరుసటి ఏడాది ఒక బస్సు డ్రైవరు పట్టికలో ‘ఎప్పుడూ కుడి పక్కకే పడుకుంటున్నారు’ అన్న రాత వల్లే, ఆ పక్కన చీము చేరిన సంగతి బయటపడింది. ఆనాడు మెమో పంపిన కార్యాలయమే ఈనాడు ప్రతి పట్టికలోనూ ‘విశేషాలు’ అనే గడి అచ్చు వేయిస్తోంది. అందులో రాయడానికి పట్టేది అర నిమిషం. చూడడానికి పట్టేదే ఒక జీవితం.

ఆ జ్వరం తర్వాత నా భార్య పదకొండేళ్లు నాతో ఉంది. పదకొండేళ్ల పాటు నా గడ్డానికి చీవాట్లు తప్పలేదు. ఇప్పుడు అడిగేవారు లేకపోయినా, రోజూ గీసుకునే డ్యూటీకి వస్తున్నాను.

ఇంట్లో క్యాలెండరు అంచున కూడా అమ్మ పెన్సిలు రాతలేనని వారి అమ్మాయి చెప్పింది. సిస్టరు గారి ముందున్న ఏళ్లలో జ్వరం గడికి పని పడకూడదని, భర్తతో, బిడ్డతో, రాబోయే మనవలతో నిండు నూరేళ్లూ ఆ అంచుల్లో చోటు చాలకుండా పోవాలని మనసారా కోరుకుంటున్నాను.