ఎవలను యాడ కూసోవెట్టాలె

నిజాం రోజులు. మక్తల్ దగ్గరి పల్లెలో, ఇంటి ముందు నీడన అవ్వ పల్లికాయ ఒలుస్తోంది. మనుమరాలు ఎదురుగా ఉర్దూ పుస్తకం పట్టుకుని దిగులుగా కూర్చుంది.

"మిషన్ బడిల పాసైతివి గద. మల్ల గీ పరీక్ష ఎందుకే?"

"పట్నంల కాలేజిల కొత్తగ చేరేటోళ్లకు పెడ్తరవ్వా. ఎవలను యాడ కూసోవెట్టాల్నో చూస్తరు."

ఒలిచే చేతులు ఆగాయి.

"గది సుత పరీక్ష పెట్టి చెప్తరా? మనూళ్లె ఏం అడగకుండనే చెప్పిండ్రు."

"ఏం చెప్పిండ్రు?"

"మన వాడ పిల్లలకు బడి లోపల జాగ లేదన్నరు. మీ నాయినను బయట చూరు కింద కూసోవెట్టిండ్రు. వానొస్తే పలక మీద రాసిందంత కొట్టుకపోయేది."

"గట్ల కాదవ్వా. ఉర్దూ మంచిగొస్తే ఒక గదిల, రాకుంటే ఇంకో గదిల."

"రానోళ్ల గదికి కప్పుంటదా?"

"ఉంటది."

"నాలుగు గోడలు?"

"ఉంటయి. బల్లలు సుత ఉంటయి."

"దొరగారి బిడ్డకు ఉర్దూ రాకుంటే?"

"నాకూ రాకుంటే, ఇద్దరం ఒక్క బల్ల మీదనే."

అవ్వ మనుమరాలి మొహంలోకి తేరిపార చూసింది.

"అంటే, వానొస్తే ఎవ్వల పలకా తడువదన్నట్టు."

"తడువదవ్వా."

"మరి గంత ఫికర్ ఎందుకే? గా పుస్తకం అవతల పెట్టి రా, జర పల్లికాయ ఒలువు."