నాలుగో నంబరు వాల్వు

"నేను కోతలు కోసే మనిషిని కాదు గోవర్ధనరావు బావా. కావాలంటే ఈ జాన్‌బీని అడుగు."

"నన్ను సాక్ష్యానికి పిలవకు భాయ్," అంది టీ వడపోస్తున్న జాన్‌బీ.

డెబ్బై తొమ్మిది వేసవి. బందరు ఐస్ ఫ్యాక్టరీ ఎదురుగా జాన్‌బీ టీ బడ్డీ. బల్ల మీద కాలు మడిచి కూర్చున్న మీరా సాహెబు ఆ ఫ్యాక్టరీలోనే స్టోర్సు గుమాస్తా.

"మా ఓనరు గుడివాడలో మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ కొన్నాడా, సామానంతా లారీల్లో తెచ్చి మా షెడ్డులోనే బిగించారా, తీరా చూస్తే మా వాల్వులకీ ఒకటి నుంచి నలభై నంబర్లు, వాళ్ళవాటికీ ఒకటి నుంచి నలభై! మేం పెద్ద మోటారు అంటే వాళ్ళు దాన్ని 'సుగుణ' అంటారు, వాళ్ళ పాత ఓనరు కూతురి పేరట. ఇక చూడు గందరగోళం! వాళ్ళ ఏ నంబరు మనకి ఏదవుతుందో నేను రెండు రోజుల్లో పుస్తకం రాసిచ్చా."

"అన్నీ చూసే రాశారా అండీ?" అన్నాడు యాకోబు. అతను ఫిట్టరు. రేపు ఆ పుస్తకం ప్రకారమే గుడివాడ మిషను స్టార్టు చేయాలి.

"చూడ్డమెందుకయ్యా! పైపుని గోరుతో కొడితే చాలు, లోపల నీళ్ళో అమ్మోనియానో చెప్పేస్తా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కబురు ముదినేపల్లి దాకా పాకింది. కారు పంపించారు. అక్కడ నాలుగు రైసుమిల్లుల సామాను ఒకే కుప్ప, మూడు వేల ముక్కలు! కళ్ళకి గంతలు కట్టుకుని పేరు పేరునా పిలిచా. 'షాఫ్టూ!' అంటే షాఫ్టు దొర్లుకుంటూ వచ్చింది."

"బోల్టులు కూడానా?" అన్నాడు పక్కన టీ తాగుతున్న గోవర్ధనరావు.

"అవి కాస్త మొండికేశాయి బావా, నట్లు తోడొస్తే గాని రామన్నాయి."

"తర్వాతండీ?" అన్నాడు యాకోబు.

"తర్వాత పాలకాయతిప్ప! అక్కడ కృష్ణ ఏదో సముద్రం ఏదో తేలక ఇంజనీర్లు ఒకటే కొట్టుకుంటున్నారు. మోకాల్లోతులో నిలబడి నీళ్ళకి నంబర్లు వేశా. అప్పట్నుంచీ ప్రతి కెరటమూ తన నంబరు చూసుకుని గాని వెనక్కి మళ్ళదు!"

అందరూ పడీ పడీ నవ్వారు. యాకోబు నవ్వలేదు.

"ఒక్క సందేహమండీ. గుడివాడ నాలుగంటే మన నాలుగే, మంచినీళ్ళ వాల్వు అని రాశారు."

"అంతే! కళ్ళు మూసుకుని తిప్పు."

"మధ్యాహ్నం ఆ పైపు మీద చెయ్యేసి చివరిదాకా నడిచానండీ. అమ్మోనియా డ్రమ్ముకి పోయింది. మనం గుమ్మం నుంచి లెక్కపెడతాం. గుడివాడ వాళ్ళు డ్రమ్ము నుంచి లెక్కపెట్టినట్టున్నారు. అది తిప్పితే షెడ్డంతా గ్యాసే. లోపల పదిమందిమి ఉంటాం. నాకు భయంగా ఉందండీ. నిజం చెప్పండి, చూసే రాశారా?"

"చూసే రాశా," అన్నాడు మీరా సాహెబు, కాస్త గట్టిగానే.

"అయితే రేపు ఆరింటికి రండి. నాలుగో నంబరు మీ చేత్తోనే తిప్పుదురు గాని. మేమంతా ఇక్కడ, రోడ్డు మీద నిలబడతాం."

మీరా సాహెబు మడిచిన కాలు కిందికి దించాడు.

"ఆ పుస్తకం ఇటివ్వు నాయనా," అన్నాడు మెల్లగా. "నేనసలు ఆ షెడ్డులో అడుగే పెట్టలేదు. నాకు అమ్మోనియా వాసన పడదు."